గేటు పక్క కొళాయి, సింహాచలం మావయ్య షిఫ్టు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మకం మాట అటుంచండి, వాటికి భయపడడానికి కూడా మనిషికి కాస్త తీరిక ఉండాలి. నాకది లేదు. పొద్దున్నే లేచి అమ్మ పక్క మార్చాలి, ఒళ్ళు తుడవాలి, గుడ్డలు నానబెట్టాలి, బడికి పరుగెత్తాలి. మధ్యాహ్నం తిరిగొచ్చి మళ్ళీ అదే పని. ఇలాంటి ఇంటికి దెయ్యం వస్తే దానికీ ఓ బకెట్టు అప్పజెప్పేదాన్ని.

ఎవరినీ భయపెట్టడానికి ఇది రాయడం లేదు. పోయిన ఏడాది వేసవిలో మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివినవాళ్ళెవరైనా "ఇదిగో, ఇలా జరిగి ఉంటుంది" అని విప్పి చెబితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. నేను లెక్కల టీచర్ని. తేలని లెక్క దగ్గర పెట్టుకుని తిరగడం నాకు చేతకాదు.

మా ఇల్లు భిలాయిలో, వైశాలి నగర్లో. నాన్నది విజయనగరం పక్క పల్లె. కుర్రతనంలోనే ఇక్కడి ఉక్కు ప్లాంటు ఉద్యోగానికి వచ్చేశారు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, ఈ సందు మొదట్లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. కొన్నాళ్ళకి ఆయన పోయారు. ఆ తర్వాత అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాటా పోయింది. రెండు మూడు మాటలు మిగిలాయంతే. నన్నూ, తమ్ముణ్ణీ, చూసుకునే ఆయానీ, చివరికి డాక్టర్నీ కూడా "నాన్నా" అనే పిలుస్తుంది. తమ్ముడు దగ్గర్లోనే కుమ్హారిలో ఉంటాడు. ఆదివారం పూట వచ్చి, టీ తాగి, అమ్మని ఎలా చూసుకోవాలో నాకు చెప్పి వెళ్తాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. అది వేరే కథ.

గేటు లోపల కుడిపక్కన నాన్న ఓ ఇత్తడి కొళాయి పెట్టించారు. దాని కింద సిమెంటు గట్టు. ప్లాంటులో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో ఇదొక ఆచారం. డ్యూటీ దిగి వచ్చిన మనిషి బయటే కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కుని గడప దాటాలి. ఆ దుమ్ముతో లోపలికి వస్తే మా అమ్మ ఊరుకునేది కాదు. ఉద్యోగం వదిలేశాక కట్టిన ఇంటికి వాకిట్లో కొళాయి ఎందుకని నేను అడిగితే, "వాకిట్లో కొళాయి లేని ఇల్లు ఇల్లేటే?" అన్నారు నాన్న.

మా పక్కింట్లో ఉండేది సింహాచలం మావయ్య. చుట్టం కాదు, అయినా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మావయ్యే. క్వార్టర్లలో ఉన్నప్పుడూ మా వీధే. సింటర్ ప్లాంటులో చేసేవారు. ఇనుప ఖనిజం పొడిని కాల్చి గడ్డలుగా చేసే చోటు అది. అక్కడి ఎర్ర దుమ్ము ఒక పట్టాన వదలదు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉతికి ఆరేసిన తువ్వాళ్ళు కూడా ఎర్రగానే ఉండేవి. ఆయనా రిటైరై చాలా ఏళ్ళయింది. భార్య పోయింది. కొడుకు ఓ ప్రైవేటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కోడలు రమ ఇంట్లోనే ఉండి ఆయన్ని చూసుకుంటుంది. రమ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నన్ను దీదీ అంటుంది.

రెండేళ్ళ కిందట మావయ్యకి మతిమరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. భార్య చనిపోయిందన్న సంగతి కూడా మర్చిపోయి, వంట ఇంకా కాలేదేమిటని కేకలేసేవారు. అన్నీ పోయాక ఒక్క డ్యూటీ మాత్రం మిగిలింది. చొక్కా తొడుక్కుని బయల్దేరేవారు. సందు మలుపులో పాన్ దుకాణం పక్కన బల్ల మీద కూర్చుని, షిఫ్టు దిగే వేళకి లేచి వచ్చేసేవారు. ఒక వారం ఫస్ట్ షిఫ్టు, ఒక వారం సెకండు, ఒక వారం నైటు. వారపు సెలవు నాడు అసలు కదిలేవారు కాదు. కన్నకొడుకు పేరు మర్చిపోయిన మనిషి షిఫ్టుల వరస తప్పలేదు.

వచ్చేటప్పుడు సందులో ముందు తగిలేది మా గేటు. తోసుకుని లోపలికి వచ్చి, మా కొళాయి కింద మడమల దాకా రుద్ది రుద్ది కాళ్ళు కడుక్కుని, చేతులూ మొహమూ కడుక్కుని, తన ఇంటికి పోయేవారు. దానికి నేనేమీ అనలేదు. ముసలాయన, నాన్న స్నేహితుడు, నాలుగు చెంబుల నీళ్ళు. అనాల్సిన అవసరం లేదు కూడా.

చిక్కేమిటంటే ఆయన కొళాయి కట్టేవారు కాదు. క్వార్టర్లలో నీళ్ళు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చేవి. వచ్చినప్పుడు పట్టుకోవడమే, పోయినప్పుడు అవే పోయేవి. కొళాయి కట్టడం అనే అలవాటు ఆ కాలం మనుషుల్లో చాలామందికి లేదు. కానీ మా కొళాయికి పైన ట్యాంకు ఉంది. ఒకసారి విప్పి వదిలేస్తే ట్యాంకంతా సందులోకి పోతుంది.

వేసవి వచ్చేసరికి బోరు మోటారు సగం గాలి, సగం నీళ్ళు తోడుతోంది. ట్యాంకు నిండడానికి పూట పట్టేది. ఒకరోజు బడి నుంచి వచ్చి చూద్దును కదా, అమ్మ పక్కంతా పాడై ఉంది. ఆయా దులారీ అప్పుడే వెళ్ళింది. బాత్రూంలో కొళాయి విప్పితే చుక్క లేదు. గేటు దగ్గర చూస్తే గట్టంతా తడి, సందులో కాలవ. మోటారు వేద్దామంటే కరెంటు లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది నా పని. తాగడానికి తెప్పించుకున్న క్యాను నీళ్ళతో అమ్మని కడిగాను. ఆ వాసనలో అమ్మ నా మొహం చూడలేక గోడవైపు తల తిప్పుకుంది. దానికి నాకు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. ఆ కోపంతోనే రమ దగ్గరికి వెళ్ళాను.

"మీ మావగారిని మా కొళాయి దగ్గరికి రానివ్వకు రమా. నాకు నీళ్ళు లేవు" అన్నాను.

"మై క్యా కరూ దీదీ? నానేటి చెయ్యను?" అంది రమ. పిండి చేతులతోనే గుమ్మంలో చతికిలబడింది. "గేటుకి తాళమేస్తే తల బాదుకుంటన్నారు. మన కొళాయి ఇక్కడుంది కదా మావయ్యా అంటే, ఇది మనది కాదంటన్నారు. పొద్దట్నుంచి ఇదే గోల. నాకూ ఇద్దరు పిల్లలు. నానెంతకని తిరగను ఆయనెనక?"

ఆమె కళ్ళ కింద నలుపు చూశాక నాకు తిట్టబుద్ధి కాలేదు. అద్దంలో నా మొహమూ అలాగే ఉంటుంది.

ముందు కొళాయి పిడి ఊడదీసి దాచాను. మావయ్య ఒట్టి ఇరుసునే వేళ్ళతో పట్టుకుని తిప్పేశారు, ప్లాంటు మనిషి కదా. బకెట్లో నీళ్ళు పెట్టి మగ్గు వేసి ఉంచాను. ఆయన బకెట్టు వైపు చూడను కూడా లేదు. చివరికి ప్లంబరుని పిలిచి, ట్యాంకు నుంచి ఆ కొళాయికి వచ్చే గొట్టానికి మేడ మీద వాల్వు పెట్టించి కట్టించేశాను. ఇక ఆ కొళాయికి నీళ్ళొచ్చే దారి లేదు.

మర్నాడు మావయ్య వచ్చి చాలాసేపు తిప్పారు. వరండాలో ఉన్న నన్ను చూసి, "నీలు రావట్లేదేటి పాపా? సప్లై పోనాదా?" అన్నారు.

"పోయింది మావయ్యా."

"మరి కాళ్ళు కడుక్కోకండా ఇంట్లోకెలగ ఎల్తాను?" అన్నారు. నన్ను అడిగినట్టు కాదు, తనలో తనే. తర్వాత మెల్లిగా వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచీ రమ వాళ్ళ గుమ్మం ముందు ఆయన్ని నిలబెట్టి చెంబుతో కాళ్ళు కడిగి లోపలికి తీసుకెళ్ళేది. ఆయన బుద్ధిగా నిలబడేవారట. మా ట్యాంకులో నీళ్ళు నిలిచాయి. నేను చేసింది తప్పని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అలాగే కట్టేస్తాను.

తర్వాత కొద్దిరోజులకే మావయ్య వాళ్ళ స్నానాల గదిలో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ తట్టుకోలేరని డాక్టర్లు ఇంటికి పంపేశారు. ఇక మంచమే. లేచి కూర్చోవాలన్నా ఇద్దరు పట్టాలి. అలా మా రెండిళ్ళల్లో గోడకి అటొక మంచం, ఇటొక మంచం అయ్యాయి.

అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలు.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి గేటు తీస్తే కొళాయి కింద గట్టు తడిగా ఉంది. మామూలు తడి కాదు. గట్టు అంచున ఇటుక పొడి కలిపినట్టు ఎర్రటి నీళ్ళు నిలిచి ఉన్నాయి. మేడ మీదికి వెళ్ళి వాల్వు చూశాను, కట్టే ఉంది. కొళాయికి పిడి కూడా లేదు. రెండో రోజూ అంతే. ప్లంబరుని మళ్ళీ పిలిచాను. వాల్వు గట్టిగానే ఉందనీ, గొట్టంలో మిగిలిన నీళ్ళు కారి ఉంటాయనీ, బోరు నీళ్ళల్లో ఇనుము ఉంటే ఎర్రగానే ఉంటాయనీ చెప్పాడు. ఆ జవాబు నాకు హాయిగా అనిపించింది. రెండు వారాల పైనే అదే నమ్ముకున్నాను. అయితే ఖాళీ గొట్టంలో మిగిలిన నీళ్ళు ఎన్నాళ్ళు కారతాయి?

అప్పుడు రమ మీద అనుమానం వచ్చింది. ఎలాగో వాల్వు విప్పి, మా కొళాయిలో నీళ్ళు పట్టుకుని, మళ్ళీ కట్టేస్తోందేమో అనుకున్నాను. అడగాలని నేను బయల్దేరేలోపు ఆమే మా గేటు తోసుకుని వచ్చింది. కోపంగా ఉంది.

"దీదీ, నువ్వు మా ఇంట్లోకొచ్చి మావయ్య కాళ్ళు కడుగుతన్నావా? దయ చూపించాలనుంటే కొళాయి ఇప్పు. నాను లేనప్పుడొచ్చి పక్క తడిపీసి ఎల్లిపోతే, ఆ దుప్పట్లు ఉతుక్కోలేక నాను చస్తన్నాను."

నాకు అర్థం కాలేదు. ఆమెకీ నా మొహం చూస్తే అర్థం కాలేదనుకుంటాను. ఇద్దరం గట్టు మీద కూర్చుని ఒకరి మాట ఒకరం విన్నాం. షిఫ్టు దిగే వేళకి మావయ్య పాదాలు తడిసి ఉంటున్నాయట. దుప్పటి అంచు ఎర్రబారుతోందట. ఒంటేలు కాదు, ఆ సంగతి రమకి తెలియదా! పాదాలు మడమల దాకా, చేతులు మణికట్ల దాకా, మొహం. మిగతా ఒళ్ళంతా పొడి. అడిగితే, "కాళ్ళు కడుక్కొచ్చీసినాను కదేటి" అంటున్నారట.

నన్ను రమ నమ్మలేదు, రమని నేను నమ్మలేదు. నమ్మకపోతే తేల్చుకోవడం ఒకటే దారి. మళ్ళీ ఫస్ట్ షిఫ్టు వారం అది, మధ్యాహ్నం రెండింటికి దిగాలి. మర్నాడు ఆదివారం, నాకు బడి లేదు; మావయ్య వారపు సెలవు ఆదివారం కాదు. మధ్యాహ్నం నేను కొళాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రమ అక్కడ మంచం పక్కన కూర్చుంది. ఇద్దరం ఫోను కలిపి ఉంచుకున్నాం.

మే నెల ఎండ. గట్టు మీద కాలు పెడితే అంటుకుపోయేలా ఉంది. చుట్టూ మనిషి లేడు, ఎదురింటి కుక్క కూడా కాలవలో దూరింది. చాలాసేపు ఏమీ జరగలేదు. ఇద్దరు ఆడవాళ్ళం ఇంటి పనులు వదిలేసి చేస్తున్న ఈ వెర్రి పనికి నాకే నవ్వొచ్చింది.

ఫోనులో రమ అంది: "కాళ్ళు కదుపుతన్నారు దీదీ. ఒక పాదంతోటి ఇంకో పాదం రుద్దుతన్నారు."

కొళాయి వంక చూశాను. చుక్క లేదు. "ఇక్కడేమీ లేదు రమా" అన్నాను. అంటూనే, ఎందుకో తెలియదు, కొళాయి మీద చెయ్యి వేశాను. ఆ ఎండలో ఇత్తడి చురుక్కుమని కాలాలి. చల్లగా ఉంది. అప్పటిదాకా లోపల నీళ్ళు ధారగా పారినట్టు చల్లగా ఉంది. పక్కనే ఉన్న గేటు ఊచ పట్టుకుంటే చెయ్యి కాలింది. మళ్ళీ కొళాయి ముట్టుకున్నాను. చల్లగానే ఉంది.

"భీగ్ గయే" అంది రమ. భయమేస్తే ఆమెకి ముందు హిందీయే వస్తుంది. "దీదీ, తడిసిపోనాయి. నా కళ్ళముందే."

కిందికి చూస్తే గట్టు తడిగా ఉంది. నీళ్ళు పడడం నేను చూడలేదు, ఒట్టేసి చెబుతున్నాను. తడి మాత్రం చూశాను. చూస్తుండగానే ఎండకి అంచుల నుంచి ఆరిపోయింది, ఎర్ర చార మిగిలింది.

తర్వాత మేమేం చేశామని చాలామంది అడుగుతారు. ఏమీ చెయ్యలేదు. రమ ఆయన కాళ్ళ కింద పాత తువ్వాలు పరవడం మొదలుపెట్టింది. నేను గట్టు కడగడం మానేశాను. పూజలూ తాయెత్తులూ పెట్టుకునే ఓపిక ఇద్దరికీ లేదు. తమ్ముడికి ఫోన్లో చెబితే, "నీకు నిద్ర చాలట్లేదక్కా" అన్నాడు. అది మాత్రం నిజమే.

ఇంతవరకే అయితే ఇది రాసేదాన్ని కాదు. గొట్టం, తుప్పు, నిద్ర లేకపోవడం అని ఏదో ఒకటి చెప్పుకుని ఊరుకునేదాన్ని.

వేసవి సెలవులు మొదలయ్యాక, ఇంటి కాగితాల పనిమీద పక్క ఊరు దుర్గ్‌లో ఒక ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది. అమ్మకి పొద్దున్నే అన్నీ చేసి, గంజి పట్టించి, ఫ్యాను వేసి, బయట గ్రిల్లుకి తాళం పెట్టి బయల్దేరాను. రెండో తాళంచెవి దులారీ దగ్గర ఉంటుంది. ఇంకో గంటలో వచ్చి, నేను తిరిగొచ్చేదాకా ఉంటానంది. ఇలా ఇంతకుముందు చాలాసార్లు జరిగింది. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, మూత పెట్టి, దులారీకి అందేలా కిటికీ పక్కన బల్ల మీద ఉంచాను. అమ్మకి అది అందదు.

దుర్గ్‌లో సంతకం పెట్టాల్సిన ఆఫీసరు రాలేదు. వస్తారు కూర్చోండన్నారు. మధ్యాహ్నం అయింది. దులారీకి ఫోను చేస్తే కలవలేదు, పనిలో ఉందనుకున్నాను. సంతకం పడేసరికి పొద్దు వాలింది. బయటికి వస్తుంటే దుమ్ము గాలి లేచింది. కొమ్మలు విరిగి పడ్డాయి, దారిలో బళ్ళన్నీ ఆగిపోయాయి. ఆటోలో కూర్చుని ఉండగా నా ఫోనుకి ఎప్పుడో పొద్దున పంపిన సందేశం వచ్చి పడింది. దులారీది. వాళ్ళ అత్తకి బాగాలేదట, ఊరు వెళ్తోందట, ఇవాళ రాలేనంది.

వెంటనే రమకి ఫోను చేశాను, కలవలేదు. మళ్ళీ చేశాను. చివరికి వైశాలి నగర్లో ఉండే మా బడి టీచరొకామె, ఆ మధ్యాహ్నం వేరే పేటకి వెళ్ళి ఉండబట్టి, కలిసింది. మా వైపు పొద్దున్నుంచీ కరెంటు లేదనీ, టవర్లు కూడా పనిచేయడం లేదనీ చెప్పింది. అంటే ఫ్యాను లేదు. రేకుల గదికి కాస్త మెరుగైన ఆ గదిలో, మే నెలలో, పక్కకి కూడా తిరగలేని మనిషి పొద్దున్నుంచి ఒంటరిగా పడి ఉంది. గుక్కెడు నీళ్ళు లేవు. పిలవడానికి మాట లేదు.

ఆటోలో ఆ దారంతా నేను ఏం ఆలోచించానో నిజం చెప్పాలి. అమ్మ బతికి ఉండదనుకున్నాను. ఏడవలేదు. ఎవరెవరికి ఫోన్లు చెయ్యాలో వరస వేసుకున్నాను. అలసిపోయిన మనసు అలాగే పనిచేస్తుంది. దానికి నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

గ్రిల్లుకి నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి, చెప్పులతోనే లోపలికి పరుగెత్తాను.

అమ్మ కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూసి "నాన్నా" అంది.

గదిలో నిలబడలేనంత ఉక్క. అమ్మ నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. మొహమంతా తడి, ముందు జుట్టు తడిసి నుదుటికి అతుక్కుంది. చేతులు మణికట్ల దాకా తడి. దుప్పటి ఎత్తి చూశాను, పాదాలు మడమల దాకా తడి. మధ్యలో ఒళ్ళంతా పొడి. పక్క మాత్రం పాడై ఉంది, పొద్దున్నుంచీ మార్చేవాళ్ళు లేరు కదా. పెదాలు ఎండిపోలేదు. కిటికీ పక్కన నేను పెట్టిన గ్లాసు మంచం మీద, అమ్మ పనిచేయని కుడిచేతి వైపు ఉంది. ఖాళీగా ఉంది. గ్లాసు మీద బొటనవేలి మేర ఎర్ర మరక.

"ఎవరొచ్చారమ్మా?" అన్నాను.

"నాన్నా" అంది అమ్మ. అందరూ ఆమెకి నాన్నే.

"నీళ్ళు తాగావా?"

తల ఊపింది. తృప్తిగా ఊపింది. అది నాకు బాగా గుర్తు.

ఫొటో తీసి ఉండాల్సింది అంటాడు తమ్ముడు. తోచలేదు. పక్క మార్చాను, అమ్మని తుడిచాను, గ్లాసు కడిగేశాను. ఇంట్లో అంట్లు కనబడితే కడగడమే నాకు తెలిసిన పని. కడుగుతుంటే ఆ ఎరుపు వేళ్ళకి అంటుకుని ఒక పట్టాన వదల్లేదు.

తలుపుల మాట అడుగుతారేమో. వెనక తలుపుకి లోపల గడియ ఉంది, కిటికీలకి ఊచలు ఉన్నాయి. దులారీ ఆ రోజు నిజంగానే ఊళ్ళో ఉంది, తర్వాత కనుక్కున్నాను. తమ్ముడి దగ్గర తాళంచెవి లేదు. అమ్మ తనంత తాను లేచిందంటే నమ్మడానికి నేను సిద్ధమే, కానీ డాక్టరు నవ్వాడు.

చీకటి పడకముందే రమ దగ్గరికి వెళ్ళాను. మనసు కుదుటపడక వెళ్ళాను, అడగాలని కాదు. ఆమె అరుగు మీద విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది. నన్ను చూసి, "ఇయ్యాల మావయ్యతోటి శానా కష్టమైపోనాది దీదీ" అంది.

ఫస్ట్ షిఫ్టు దిగే వేళకి కాళ్ళు తడవలేదట. తువ్వాలు పొడిగా ఉందట. ఒంట్లో బాగాలేదేమోనని రమ భయపడి, "మావయ్యా, డూటీ దిగలేదా?" అని ఊరికే అడిగిందట. ఆయన కళ్ళు మూసుకునే, "ఓటీ పడింది" అన్నారట. అన్నం తినమంటే తినలేదు. ఇక రండి అంటే కసిరారు.

"ఏమన్నారు?" అన్నాను.

"రిలీవర్ రాలేదు, ఒదిలీసి ఎలగ వొచ్చీమంటావు? అన్నారు. పొద్దుగూకిందాకా అదే మాట. ఇందాక నీ గేటు చప్పుడైనాది కదా, అప్పుడు 'వొచ్చీసింది' అనీసి, అటు తిరిగి పడుకున్నారు. అదిగో, ఇప్పటిదాకా లేవలేదు."

ప్లాంటు ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. షిఫ్టు అయిపోయినా, తర్వాతి మనిషి వచ్చి పని అందుకుంటే తప్ప ఉన్నవాడు కదలకూడదు. ఆ వచ్చే మనిషినే రిలీవర్ అంటారు. అతను రాకపోతే ఇంకో షిఫ్టు కూడా ఉన్నవాడే చెయ్యాలి. అదే ఓటీ. నా చిన్నప్పుడు నాన్న ఎన్నో పండగలకి అలా చిక్కుకుపోయి, అన్నీ అయిపోయాక ఇంటికి వచ్చేవారు. అమ్మ సణుగుతూనే అన్నం వేడి చేసేది.

నేను లోపలికి వెళ్ళి మావయ్యని చూశాను. నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. రెండు షిఫ్టులు చేసి వచ్చిన మనుషుల నిద్ర నేను చూశాను కనుక చెబుతున్నాను, అలాగే ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వెయ్యలేదు. ఆయన పక్కన కాసేపు నేలమీద కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను. రమ టీ పెట్టుకొచ్చింది.

అది జరిగి ఏడాది దాటింది. ఎన్నిసార్లు ఎటునుంచి కూడినా ఈ లెక్క నాకు తేలలేదు. తడీ, ఎర్ర మరకా, గ్లాసూ, వీటన్నిటికీ ఎవరైనా ఎప్పటికైనా ఏదో ఒక కారణం చెబుతారు, నేను వింటాను. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు. దులారీ ఆ రోజు రాలేదన్న సంగతి సాయంత్రం దాకా నాకే తెలియదు. ఆయనకెవరు చెప్పారు?